గజ్జల్లో బిళ్ళ అని ఊరుకోవద్దు

(సమాఖ్య వార్షిక మహాజన సభలో మధ్యాహ్నం జరిగిన ఆరోగ్య ప్రసంగం. చివర సభ్యులు అడిగిన ప్రశ్నలు, వాటికి చెప్పిన జవాబులు కూడా ఇచ్చాము.)



అన్నం తిన్నాక మాట్లాడమన్నారు. కళ్ళు మూతలు పడే వేళ. అందులోనూ పొద్దున్నించి బ్యాంకు లింకేజీలు, స్త్రీనిధి బకాయిలు, ఆడిట్ లెక్కలు విని విని మీ తలలు వేడెక్కి ఉంటాయి. ‘ఆరోగ్యం, పరిశుభ్రత’ మీద ఇరవై నిమిషాలు చెప్పమని నన్ను అడిగారు. చేతులు కడుక్కోవడం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బీపీ, షుగరు గురించి ఏఎన్ఎంలు, ఆశాలు చెప్తూనే ఉన్నారు. అందుకని ఎవరూ మైకులో చెప్పని సంగతి ఒకటి చెప్తాను. కొంచెం సిగ్గుపడే సంగతి. మైకు సెట్టు అబ్బాయీ, నువ్వూ కూర్చో నాయనా, మీ అమ్మకు పనికొస్తుంది.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా 31 ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం సర్జికల్ వార్డులోనే. ఇప్పుడు చెప్పబోయేది ఆ వార్డులో నేర్చుకున్నదే, కాని నాకు బుద్ధి వచ్చింది మాత్రం మా ఇంట్లో.

మా చిన్నమ్మది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. అరవై దాటిన మనిషి, సన్నగా పుల్లలాగా ఉండేది. ఆరు కాన్పులు. వరి నాట్లకు, మిరపకాయ కోతలకు పోయేది, మోపు తానే నెత్తికెత్తుకునేది. ఒక పెళ్ళిలో వంటల దగ్గర కూర్చున్నప్పుడు నా చెవిలో చెప్పింది. “పాపా, గజ్జల్లో బిళ్ళ కట్టినట్టుంది. రేగిపండంత ఉంది. నొప్పేం లేదు గానీ పోతా లేదు.” నేనేమన్నానో తెలుసా? “కాలికి ముల్లు గానీ గుచ్చుకుందా చిన్నమ్మా?” అన్నాను. “చేలో తిరిగేదానికి ముల్లు గుచ్చుకోకుండా ఉంటాదా?” అనింది. “అయితే దానికే కట్టుంటుందిలే, పసుపు పెట్టు” అని చెప్పి వడ్డన చూసుకోవడానికి లేచిపోయినాను. అప్పటికే నాకు ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసు. పక్కగదిలోకి తీసుకుపోయి చూసి ఉంటే రెండు నిమిషాల పని.

ఎనిమిది నెలలు గడిచినాయి. ఒక రాత్రి సంగటి తిని పడుకున్న మనిషికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. గ్యాసు అనుకున్నారు. సోడా తాగించినారు. పొద్దునకు విరేచనం కాలేదని ఆముదం పోసినారు. మధ్యాహ్నం ఊళ్ళో ఆరెంపీ సూది వేసి, గ్యాసు బిళ్ళలు ఇచ్చినాడు. సాయంత్రానికి వాంతులు. టౌనులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోతే రెండు సెలైన్లు ఎక్కించి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, ‘అజీర్ణం’ అని పంపించినారు. పొట్ట చూసినారు గానీ చీర కుచ్చెళ్ళు కిందికి జరపమనలేదు. జరపమన్నా చిన్నమ్మ జరపదు. గజ్జల్లో బిళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కడుపు నొప్పికీ గజ్జల్లో బిళ్ళకూ సంబంధం ఏముంటుందని చెప్తుంది!

మూడో రోజు పసరు వాంతి అయింది. పొట్ట కుండలాగా ఉబ్బింది. అప్పుడు తమ్ముడు నాకు ఫోను చేసినాడు. ఉన్నపళంగా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నాను. అప్పటికి మనకు నంద్యాల జిల్లా రాలేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల 40 కిలోమీటర్లు, అక్కణ్ణించి కర్నూలు ఇంకో 70. క్యాజువాల్టీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. పొట్ట చూసింది, వెంటనే “అవ్వా, లంగా నాడా వదులు చెయ్యి” అనింది. చిన్నమ్మ నా వైపు చూసింది. నేను తెర లాగి, నేనే వదులు చేసినాను. కుడి గజ్జలో నిమ్మకాయంత గడ్డ, ఎర్రగా కమిలిపోయి ఉంది. ముట్టుకుంటే చిన్నమ్మ అరిచింది. ఆ డాక్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

ఆ రాత్రే ఆపరేషను. జానెడు పేగు నల్లబడి చచ్చిపోయి ఉంటే కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలు కలిపి కుట్టినారు. పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఆ ఏడు మిరపకాయల డబ్బు అంతా పోయింది, సంఘంలో తీసుకున్న అప్పు చాలక బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినారు. చిన్నమ్మ బతికింది గనుక ఈ కథ మీకు చెప్పగలుగుతున్నాను. అదే వార్డులో, అదే జబ్బుతో, నాలుగో రోజు వచ్చినవాళ్ళను, ఐదో రోజు వచ్చినవాళ్ళను కూడా చూసినాను. వాళ్ళ కథలు చెప్పను.

ఆ బిళ్ళ ఏంది? అది బిళ్ళ కాదు, హెర్నియా. అందులోనూ ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే రకం. డాక్టర్లు ఫెమొరల్ హెర్నియా అంటారు. మనం తొడ మొదట్లో వచ్చే హెర్నియా అనుకుందాం.

హెర్నియా అంటే మగవాళ్ళ జబ్బు అనుకుంటాం. చాలామటుకు నిజమే, మగవాళ్ళకు గజ్జల్లో పైభాగాన వచ్చేది చాలా ఎక్కువ. గజ్జల్లో వచ్చే హెర్నియాలు నూరు తీసుకుంటే ఈ తొడ మొదటి రకం మూడు నుంచి ఐదు దాకానే. తక్కువే. కాని ఇది మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో సుమారు నాలుగింతలు ఎక్కువ. మన నడుము ఎముక వెడల్పు, కాన్పులతో ఆ చోట కండరాలు వదులవుతాయి. వయసు మీద పడి ఒళ్ళు చిక్కినాక, ఆ సందులో అడ్డుగా ఉండే కొవ్వు కూడా కరిగిపోతుంది. దాని మీద ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, బరువులు. పొట్ట లోపలి ఒత్తిడి సందు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంది.

పొట్టలోంచి తొడలోకి రక్తనాళాలు దిగే దారి ఒకటి ఉంది. ఆ పెద్ద సిర పక్కన చిటికెన వేలు కొస పట్టేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి పొట్ట లోపలి పొర, దానితో పాటు పేగు తొంగి చూస్తుంది. మిగతా హెర్నియాల్లో సందు చుట్టూ కండ ఉంటుంది, కొంచెం సాగుతుంది. ఇక్కడ మాత్రం వెనక ఎముక, ముందర, పక్కన గట్టి నరం లాంటి పట్టీలు. సాగే సమస్యే లేదు. పోయిన పేగు వెనక్కి రాలేదు.

వేలికి ఉంగరం ఇరుక్కుపోయినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. వేలు వాస్తుంది. వాచేకొద్దీ ఉంగరం ఇంకా బిగుస్తుంది. వేలిలోకి రక్తం వస్తూ ఉంటుంది, వెనక్కి పోవడానికి దారి ఉండదు. ఇంకా వాస్తుంది. చివరికి లోపలికి వచ్చే రక్తం కూడా ఆగిపోతుంది. పేగుకూ అదే జరుగుతుంది. వేలయితే కంసాలి దగ్గరికి పోయి ఉంగరం కోయించుకోవచ్చు. పేగు మాత్రం రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. రోజుల లెక్క కాదమ్మా, గంటల లెక్క.

ఇక వాంతులు ఎందుకు? కేసీ కాలువకు తూము దగ్గర చెత్త అడ్డం పడితే ఏమవుతుంది? కింది చేలు ఎండుతాయి, పైన గట్టు తెగుతుంది. మన చిన్న పేగు ఇరవై అడుగుల పొడవు. తిన్నా తినకపోయినా రోజుకు ఏడెనిమిది లీటర్ల దాకా జీర్ణరసాలు అందులోకి ఊరుతూనే ఉంటాయి. మామూలుగా అయితే అంతా మళ్ళీ ఒంట్లోకే ఇంకిపోతుంది. అడ్డం పడితే పైనున్న పేగు నిండి ఉబ్బుతుంది, ఎక్కడికీ పోలేక నోటికే వస్తుంది. మొదట తిన్నది, తర్వాత పచ్చటి పసరు, ఇంకా ఆలస్యమైతే మలం వాసన కొట్టే వాంతి. కిందికి గాలి కూడా పోదు.

పెద్దవాళ్ళలో పేగు అడ్డం పడటానికి వేరే కారణాలే ఎక్కువ. పాత ఆపరేషన్ల వల్ల లోపల పేగులు అతుక్కుపోవడం, మామూలు హెర్నియాలు, మన దేశంలో అయితే పేగుకు క్షయ, కొందరికి క్యాన్సరు గడ్డ. ఈ తొడ హెర్నియా అన్నిటికంటే వెనక ఉండే కారణం. వెనక ఉంటుంది కాబట్టే తొందరగా తోచదు. చూడటానికి ఇంత, రేగిపండంత. లావుగా ఉన్న మనిషికయితే చేతికి కూడా తగలదు.

స్వీడన్ దేశంలో హెర్నియా ఆపరేషన్లన్నీ ఒక రిజిస్టరులో రాస్తారు, మన సంఘం మినిట్స్ పుస్తకం లాగా. మనకంటే శ్రద్ధగా రాస్తారనుకోండి. 1992 నుంచి 2006 దాకా ఆ రిజిస్టరులోని తొడ హెర్నియా ఆపరేషన్లు తీసి చూసినారు. నూటికి 36 ఎమర్జెన్సీగా, ప్రాణం మీదికి వచ్చినాక చేసినవి. మామూలు గజ్జ హెర్నియాల్లో అలా చేయాల్సి వచ్చింది నూటికి ఐదే. ఆడవాళ్ళను విడిగా లెక్కేస్తే నూటికి 40 పైనే ఎమర్జెన్సీ. ప్రతి ఊరికీ మంచి రోడ్డు, మంచి ఆసుపత్రి ఉన్న దేశంలోనే ఇట్లుంటే, మన పరిస్థితి మీరే అనుకోండి.

బీదరికం వల్లే ఆలస్యమవుతుందని అంటారు. కొంత నిజం. కాని దానికంటే సిగ్గు పెద్దది. దానికి ఒక మహారాణి కథ చెప్తాను. ఇంగ్లండు రాజు రెండో జార్జి భార్య కెరొలైన్. 1724లో ఆఖరి కాన్పు అయినాక ఆమెకు బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. తొడ దగ్గరిది కాదు, బొడ్డు దగ్గరిది, కాని జరిగింది ఒకటే. ఆమె ఆ సంగతి వైద్యులకు చెప్పలేదు. రాజుకు తెలుసు, ఆయన్నూ చెప్పనివ్వలేదు. 1737 నవంబరులో ఒక రోజు కడుపు నొప్పి, వాంతులు మొదలైనాయి. రాజవైద్యులందరూ వచ్చినారు. అజీర్ణం అన్నారు, మందులు తాగించినారు, ఆ కాలం పద్ధతి ప్రకారం రక్తం తీసినారు. కొన్ని రోజులయినాక రాజు ఉండబట్టలేక చెప్పేసినాడు. అప్పుడు సర్జన్లు చూసినారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నవంబరు 20న ఆమె కన్నుమూసింది. ఆ ఆఖరి కాన్పులో పుట్టిన కూతురు లూయీజా డెన్మార్క్ రాణి అయింది. 1751లో, 27 ఏళ్ళకు, కడుపుతో ఉండగా, ఆమె కూడా హెర్నియాతోనే పోయింది.

కోటలో ఉన్న రాణికి డాక్టర్లు దొరకలేదా, డబ్బు లేదా? ఆమె 13 ఏళ్ళు దాచింది. మా చిన్నమ్మ ఎనిమిది నెలలు. అయినా చిన్నమ్మ నాకు చెప్పింది కదా. దాచింది ఆమె కాదు, వినిపించుకోనిది నేను.

సరే, ఎట్లా కనిపెట్టాలి? స్నానం చేసేటప్పుడు నిలబడి, గజ్జల మడతలో, తొడ లోపలి వైపు మొదట్లో చేత్తో తడిమి చూసుకోండి. రెండు వైపులా. ఒకసారి దగ్గండి. రేగిపండంతో, ఉసిరికాయంతో మెత్తటి ఉబ్బు తగిలితే గుర్తుపెట్టుకోండి. ఇది కుడివైపే ఎక్కువగా వస్తుంది. పడుకుంటే లోపలికి పోయే హెర్నియాలు ఉంటాయి గానీ, ఈ రకం చాలాసార్లు పోదు, దగ్గినా కదలదు. అందుకే బిళ్ళ అనుకుంటాం. మామూలు బిళ్ళ అయితే కాలికో వేలికో పుండు ఉంటుంది, నొప్పి ఉంటుంది, పుండు మానినాక రెండు మూడు వారాల్లో అణుగుతుంది. ఏ పుండూ లేకుండా వచ్చింది, వచ్చింది పోకుండా ఉంది అంటే చూపించుకోవాల్సిందే. బిళ్ళా హెర్నియానా అని మీరు తేల్చుకోనక్కర్లేదు. డాక్టర్లే ఒక్కోసారి పొరపాటు పడతారు, అందుకే స్కానింగు చేయిస్తారు. క్షయ బిళ్ళ అయినా, మరే గడ్డ అయినా చూపించాల్సిందే కదా. సున్నం, పసుపు పట్టు వేసి నెలలు గడపవద్దు. కాల్చి వాత పెట్టే వాళ్ళ దగ్గరికి అసలు పోవద్దు, కింద పేగు ఉంటుంది.

నొప్పి లేనప్పుడే చూపించుకుంటే ఆపరేషను చిన్నది. నడుముకు మత్తు సూది ఇచ్చి చేస్తారు, కొందరికి ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి కూడా చేస్తారు. చిన్న కోత, పేగును లోపలికి నెట్టి ఆ సందును కుట్లతోనో, వల లాంటి మెష్ పెట్టో మూసేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. పేగు చచ్చినాక అయితే అది వేరే ఆపరేషను, వేరే ఖర్చు, వేరే భయం. అది చూసే, ఈ రకం హెర్నియా కనిపిస్తే ‘తర్వాత చూద్దాం’ అనకుండా చేయించేసుకోమని సర్జన్లు చెప్తారు. బెల్టు కట్టుకుంటే చాలదా అని అడుగుతారు. ఈ రకానికి బెల్టు పనికిరాదు.

ఇప్పుడు ఎమర్జెన్సీ గుర్తులు. నొప్పి పురిటి నొప్పుల్లాగా అలలు అలలుగా వచ్చి పోవడం. వాంతులు. పొట్ట ఉబ్బడం. విరేచనం, గాలి రెండూ ఆగిపోవడం. గజ్జల్లో గడ్డ గట్టిపడి ముట్టుకోనివ్వకుండా ఉండటం. అలలుగా వచ్చే నొప్పి విడవకుండా పట్టుకుంటే, గడ్డ మీద చర్మం ఎర్రబడితే, లోపల పేగు ప్రాణం మీద ఉందని అర్థం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా వినండి. ఒక్కోసారి ఆ సందులో పేగు గోడ ఒక పక్క మాత్రమే చిక్కుకుంటుంది. అప్పుడు దారి పూర్తిగా మూసుకోదు. గాలి పోతుంది, కొంచెం విరేచనమూ అవుతుంది. కాని చిక్కుకున్న ముక్క మాత్రం లోపల కుళ్ళుతూ ఉంటుంది. కాబట్టి ‘గాలి పోతాంది కదా, ఏం కాదులే’ అనుకోవద్దు. గడ్డ నొప్పి పుట్టిందంటే చాలు.

అప్పుడు ఆముదం పోయవద్దు. విరేచనాల మాత్ర వద్దు. ముందర గోడ ఉంటే వెనక నుంచి బండిని తోసినట్లు అవుతుంది. సోడాలు, మజ్జిగ, అన్నం ఏమీ పెట్టవద్దు, ఆపరేషను అవసరం పడితే కడుపు ఖాళీగా ఉండాలి. గడ్డను ఒత్తి లోపలికి నెట్టవద్దు, చచ్చిన పేగు లోపలికి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోను చేయండి. సర్జన్, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రికే పోవాలి. నంద్యాలలో ప్రభుత్వాసుపత్రి ఉంది, 2023 నుంచి మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, మా చిన్నమ్మ కాలంలో లాగా ప్రతిదానికీ కర్నూలు పోవాల్సిన పని లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తాం, ఆ కింద ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. కాని కార్డు వెతుక్కుంటూ ఇంట్లో గంట కూర్చోవద్దు. ముందు మనిషిని తీసుకుపోండి, కార్డు తర్వాత ఎవరన్నా తెస్తారు.

అక్కడికి పోయినాక మీరు చేయాల్సిన పని ఒకటుంది. “డాక్టరుగారూ, గజ్జలు కూడా చూడండి” అని మీ నోటితో చెప్పాలి. పేగు అడ్డం పడినట్లు అనుమానం ఉన్న ప్రతి మనిషికీ హెర్నియా వచ్చే చోట్లన్నీ చూడాలని డాక్టర్లకు చదువులోనే నేర్పిస్తారు. కాని రద్దీలో, రాత్రి పూట, చీర కట్టుకున్న పెద్దావిడను విప్పమనడానికి వాళ్ళూ మొహమాటపడతారు. ఆ మొహమాటం మీరే తీసేయండి. నిలబెట్టి తీసే ఎక్స్‌రేలో అడ్డం పడినట్లు తెలుస్తుంది, ఎక్కడ అడ్డం పడిందో చాలాసార్లు చెయ్యే చెప్తుంది.

గడ్డ పైకి కనపడని రకం కూడా ఒకటుంది, అది ఇంకా అరుదు. నడుము ఎముకలో ఉన్న ఒక రంధ్రంలోకి పేగు దూరుతుంది. బాగా చిక్కిపోయిన ముసలవ్వలకే వస్తుంది. తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా నొప్పి లాగుతుంది, దాన్ని కీళ్ళ నొప్పి అనుకుంటారు. అవ్వకు వాంతులూ పొట్ట ఉబ్బూ ఉండి, దానితో పాటు తొడ నొప్పి ఉందంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. సీటీ స్కానులో తెలుస్తుంది.

నా ఇరవై నిమిషాలు అయిపోయినాయి. కార్యదర్శి వాచీ చూపిస్తాంది. ప్రశ్నలుంటే అడగండి.

ఆళ్లగడ్డ సభ్యురాలు: నాకు గర్భసంచి తీసినారక్కా, నాలుగేళ్ళయింది. ఆ కుట్టు దగ్గర దగ్గితే ఉబ్బుతాంది. ఇదీ అదేనా?

అదీ హెర్నియానే చెల్లెలా, కుట్టు హెర్నియా. సందు పెద్దది కాబట్టి తొడ దగ్గరి దానంత తొందరగా బిగుసుకోదు. అయినా బిగుసుకునేవి ఉన్నాయి. సర్జన్‌కు చూపించుకో. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. కుట్టు ఉబ్బుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఇంకా ఉంటారు, చేతులెత్తమని అడగను గానీ.

నంద్యాల సభ్యురాలు: ఆపరేషను అయినాక మళ్ళీ బిందెలు మోయొచ్చునా? కూలికి పోకపోతే మాకు జరగదు.

ముందుగా చేయించుకున్న చిన్న ఆపరేషను అయితే మరుసటి రోజు నుంచే నడవొచ్చు. ఇంట్లో చిన్న పనులు వారం పది రోజుల్లో. బరువులు మాత్రం నెల నుంచి నెలన్నర దాకా వద్దంటారు, మీ సర్జన్ చెప్పిన గడువే లెక్క. నాట్లు, కోతలు లేని రోజులు చూసుకుని చేయించుకోండి. నొప్పి లేని గడ్డకయితే కొంచెం ముందూ వెనకా చూసుకునే వీలుంది. కాని ‘వచ్చే సంక్రాంతికి’ అని ఏడాది వాయిదా వేయవద్దు. ఇంగ్లండులో లెక్క తీసినప్పుడు, గడ్డ కనిపించిన మూడు నెలల్లోనే నూటికి 22 మందికి బిగుసుకుంది, 21 నెలలయ్యేసరికి 45 మందికి.

వీఓఏ: డాక్టరు మగాయన అయితే ఎట్లా మేడం? మా ఊరోళ్ళు ఒప్పుకోరు.

చూసేటప్పుడు పక్కన నర్సు ఉండాలని అడగొచ్చు, మీ ఇంటి ఆడమనిషినీ నిలబెట్టుకోవచ్చు. అడిగితే ఎవరూ కాదనరు. తెర లాగమని చెప్పండి. మొత్తం విప్పాల్సిన పని లేదు, నాడా వదులు చేసి గజ్జ మడత కనిపిస్తే చాలు. నా సర్వీసులో చూసిన సర్జన్లలో ఎక్కువ మంది మగవాళ్ళే, పేషెంటు సిగ్గు పడుతుంటే వాళ్ళే మమ్మల్ని పిలిచేవాళ్ళు.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఇంకో సభ్యురాలు: మా అత్తకు డెబ్బై ఏళ్ళు. పోయినేడు నుంచి గజ్జల్లో ఏదో ఉందని కూతురుతో అనిందంట. నాతో చెప్పదు. అడిగితే ‘నీకెందుకు’ అంటాది. ఏం చేయాల?

అత్తకు తలంటు పోసేది ఎవరు? నువ్వే కదా. వీపు రుద్దేటప్పుడు మామూలుగా, తగువు పెట్టుకున్నట్లు కాకుండా, “అత్తా, నంద్యాల మీటింగులో నర్సమ్మ ఒకామె వాళ్ళ చిన్నమ్మ కథ చెప్పింది” అని మొదలుపెట్టు. నాది మొత్తం చెప్పు, నేను చూడకుండా లేచిపోయిందీ చెప్పు. అప్పటికీ చూపించకపోతే ఆడబిడ్డను పిలిపించు, ఆమెకు చూపిస్తుంది. ఇద్దరూ కలిసి నంద్యాలకు తీసుకురండి. వచ్చే ముందు రోజు నాకు ఫోను చేయి, నా నంబరు మీ వీఓఏ దగ్గర ఉంది. ఓపీ దగ్గరికి నేను వస్తాను. ఈలోగా ఏ రాత్రన్నా వాంతులు పట్టుకుంటే నా కోసం చూడొద్దు, 108కి చెయ్యి.